పద్నాలుగో నంబరు మూత

మా బావ కుడిచేతి చిటికెన వేలికి గోరు ఉంది. గోరు అందరికీ ఉంటుంది, ఆయన మాత్రం దాన్ని పెంచుతాడు. మిగతా తొమ్మిదీ కత్తిరించుకుని ఆ ఒక్కదాన్నీ అపురూపంగా వదిలేస్తాడు. దాంతోనే చెవిలో గుబిలి తీస్తాడు, పళ్ళసందుల్లో ఇరుక్కున్నది తీస్తాడు, కవర్లు చింపుతాడు. వరస ఇదే కాకపోవచ్చు. అక్క పెళ్ళినాటికి నేను తొమ్మిదో తరగతి. అప్పటినుంచీ ఆయన నా కంచంలో ఏదైనా వడ్డించాడంటే నా ఆకలి చచ్చిపోతుంది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో ఆ గోరుకి పని ఉంది.

ఆయన ఓ కేటరింగ్ కంపెనీలో మేనేజరు. పెద్దాసుపత్రి రోగులకి మూడుపూటలా వండిపెట్టే కాంట్రాక్టు ఆ కంపెనీది. ఆసుపత్రి కింద, భూమిలోపల, వాళ్ళ వంటగది. అక్కడ అంట్లు తోమే పనిలో మా పిన్ని పదకొండేళ్ళుగా ఉంది. మా అమ్మ చెల్లెలు కాబట్టి బావకి వరసకి అత్తగారు. ఇంట్లో "అత్తయ్యా" అంటాడు. వంటగదిలో "ఏమ్మా, నిన్నే" అంటాడు.

రెండు నెలల కిందట ఓ ముసలాయన తాగే సూపులో ఏదో పెచ్చు వచ్చింది. గొంతులో గుచ్చుకుని ఆయన రక్తం కక్కాడు. ఆ కంగారులో నర్సు పెచ్చుని తీసి చెత్తలో పారేసింది. ఆసుపత్రి విచారణ వేసింది. కంపెనీ రాసిచ్చిన జవాబు రెండు ముక్కలు: అది గిన్నె అడుగు మాడు, కడిగే మనిషి నిర్లక్ష్యం. ఆ మాటే ఖాయమైతే పిన్ని ఉద్యోగం పోవడంతో ఆగదు. వంటగదుల్లో పెట్టుకోకూడని వాళ్ళ జాబితాలో పేరెక్కుతుంది. ఇంక ఏ ఆసుపత్రీ ఏ హోటలూ గుమ్మం ఎక్కనివ్వదు. యాభై నాలుగేళ్ళ మనిషికి అంట్లు తోమడం తప్ప వేరే విద్య లేదు. ఆ విద్యలో మాత్రం ఆవిడని మించినవాళ్ళని నేను చూడలేదు. పిన్ని తోమిన గ్లాసులో మన మొహంతో పాటు మొహంలో అబద్ధం కూడా కనబడుతుంది.

విచారణ వాళ్ళు వంటగది నాలుగు మూలలూ, గిన్నెలూ, మూతలూ ఫోటోలు తీసి ఇమ్మన్నారట. ఆ పనిమీద బావ నా స్టూడియోకి వచ్చాడు. నాది ఒక్క గది స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలు, కొట్లవాళ్ళ సరుకు ఫోటోలు తీస్తూ ఇరవై రెండేళ్ళు గడిపాను.

"మరదలా, పని నీకే ఇప్పించా. మీ పిన్ని కోసమే కదా, నువ్వైతే బాగా తీస్తావు" అన్నాడు. "మంచి లైటొకటి కొందాం. కంపెనీ ఖర్చు. పనయ్యాక అది నీదే."

నేను మురిసిపోయాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. శుభ్రమైన వంటగదిని చూపిస్తే పిన్ని గట్టెక్కుతుందనుకున్నాను. లైటు కొత్తది కావాలన్నది మాత్రం నిజమే. నా పాత లైట్లన్నిటికీ తోకలున్నాయి, ప్లగ్గుల్లో పెట్టాలి. ఆ వంటగదిలో తోమే వైపు ప్లగ్గుల్లేవు, నేలంతా ఎప్పుడూ నీళ్ళు. తడినేల మీద కరెంటు వైరు లాక్కుంటూ తిరిగితే చివరికి నా ఫోటోకే దండ వేయాలి. బ్యాటరీతో పనిచేసే స్ట్రోబ్ లైటే, ఒక్కసారి మెరిసి ఆరిపోయేది, కావాలి.

బుధవారం పొద్దున కెమెరాల కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన కళ్ళజోడు నుదుటిమీద పెట్టుకుని దానికోసం సొరుగులన్నీ వెతికే మనిషి. లైట్లంటే ప్రాణం. మూడు రకాలు తీసి బల్లమీద పెట్టాడు. బావ చేతిసంచీలోంచి పాత పేపర్లో చుట్టిన పెద్ద గుండ్రటి వస్తువొకటి బయటికి తీశాడు.

"ఏంటది బావా?"

"మూత. మన వంటగదిదే. చెప్పులు కొనేటప్పుడు కాలు తీసుకెళ్ళమా? ఇదీ అంతే. లైటు దేనిమీద పడాలో దానిమీదే వేసి చూసుకోవాలి."

సూపు వండే డేగిసా మూత అది. మూడు జానల వెడల్పు. అంచున 14 అని అంకె కొట్టి ఉంది. పేపరు విప్పగానే పాత కొవ్వు వాసన గుప్పుమంది, దాని వెనకాల ఇంకేదో ఘాటు వాసన. కొట్టాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ట్యూబులైటు వెలుతురులో మూత లోపలివైపు బూడిదరంగుగా, కాస్త మాసినట్టు ఉంది, అంతే. బావ దాన్ని రెండు చేతులతో గుండెలకి ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు. బహుమతి అందుకున్నవాడిలా నవ్వు మొహం కూడా పెట్టాడు.

మొదటిది కెమెరా నెత్తిన కూర్చునే చిన్న లైటు. దాన్ని పెట్టి ఓ ఫోటో కొట్టాను. మూత నడుమ తెల్లటి మెరుపు మచ్చ, చుట్టూ గోధుమరంగు చారలు. ఇంకోసారి కొట్టాలంటే దానికి ఆయాసం తీరేదాకా నాలుగు క్షణాలు ఆగాలి.

"చారలు కనబడుతున్నాయి. వద్దు" అన్నాడు బావ.

రెండోది ఫ్లాస్కంత ఉంది. బ్యాటరీ దాని కడుపులోనే. "ఒక్క ఛార్జింగుకి మూడొందలసార్లు వెలుగుతుందండీ. మొదటిసారి ఏ రంగో మూడొందలోసారీ అదే రంగు" అన్నాడు కొట్టాయన, కన్నకూతురి మార్కులు చెబుతున్నట్టు. స్టాండు ఖాళీ లేక దాన్ని బల్ల చివర పెట్టాడు. వెలుగు మూతకి పక్కనుంచి, అంచుని రాసుకుంటూ పడింది. కొట్టి, కెమెరా వెనక తెరమీద చూశాను.

మూతంతా పొక్కులు. పొక్కు పొక్కుకీ ఓ నీడ. మధ్యమధ్య బ్రష్షు గీతలు, ఒక్కో వెంట్రుక ఎటు లాగిందో కూడా తెలుస్తోంది. కొన్ని పొక్కులు చిట్లి, కింద ఎర్రటి తుప్పు పుండులా ఉంది. ఒకచోట పెచ్చు సగం లేచి, రేపో మాపో రాలడానికి వేలాడుతోంది. దాని పక్కనే బావ చిటికెన గోరు, లోపల నల్లటి మట్టితో సహా, వెంట్రుకవాసి తేడా లేకుండా పడింది. రెంటిలో ఏది ఎక్కువ రోతగా ఉందో చెప్పడం కష్టం.

బావ తొంగిచూసి మూతని దించేశాడు. "ఛీ ఛీ, ఇది అసలొద్దు. ఉన్నవీ లేనివీ అన్నీ చూపిస్తోంది."

"లేనివి చూపించదండీ. లైటు అది" అన్నాడు కొట్టాయన, మనసు కష్టపెట్టుకుని.

నేను ఇంకా మురికే అనుకుంటున్నాను. "బావా, లైటు కొనే బదులు సబ్బు కొంటే పోయేది కదా? కడిగించలేకపోయావా?"

"కడిగితే ఇంకా ఊడొస్తుందే! అసలు గొడవంతా ఆవిడ అలా రుద్దబట్టే కదా..." అని ఆగిపోయాడు. ఆగి, చెవిలో వేలు పెట్టుకుని కొట్టు పైకప్పు చూశాడు.

ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఆ ఘాటు వాసన రంగుది. తుప్పు పట్టిన మూతకి లోపలివైపు వెండి రంగు పూశారు. వేడి సూపు ఆవిరి తగిలినప్పుడల్లా అది పొక్కి, రాలి, రోగుల గొంతులోకి పోతోంది. ముసలాయన కక్కిన రక్తం ఈ మూతది, లేకపోతే దీని తోబుట్టువుది.

మూడోది పెద్దది. బ్యాటరీ పెట్టె విడిగా భుజానికి తగిలించుకోవాలి. లైటు ముందు కిటికీ అంత తెల్లగుడ్డ డబ్బా. మెత్తటి వెలుగు. అది ఎదురుగా పెట్టి కొడితే పొక్కులు లేవు, గీతలు లేవు, నిన్ననే కొన్న మూత. బావ గంతేసినంత పని చేశాడు. "ఇదే! ఇదే నాకు కావలసింది!"

ఈ వృత్తిలో లైటు కొనేవాళ్ళని చాలామందిని చూశాను. బలమెంత, బరువెంత, బ్యాటరీ ఎంతసేపు అని అడుగుతారు. ఎంత తక్కువ చూపిస్తుంది అని కొన్నవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశాను. మొహం బాగోలేక అద్దం పగలగొట్టుకునే వాళ్ళు నయం. ఈయన గుడ్డి అద్దం బేరమాడి తెచ్చుకున్నాడు.

"ముందు తీసినవి రెండూ చెరిపెయ్. ఇంటి మనిషివి కాబట్టి నీ దగ్గర దాపరికం ఎందుకని తెచ్చా" అన్నాడు బయటికి వచ్చాక. నేను తలూపాను. నోరు తెరిస్తే ఏమంటానో నాకే భయమేసింది.

ఆ సాయంత్రమే పిన్ని గదికి వెళ్ళాను. "మూతలకి రంగెవరేశారు?" అని అడిగాను, చెప్పులు కూడా విప్పకుండా.

పిన్ని ఉలిక్కిపడింది. తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "ఎవరు చెప్పారే? కొత్త మూతలు తెప్పించమని మూడుసార్లు చెప్పాను. ఓ ఆదివారం అల్లుడుగారే డబ్బా, బ్రష్షు పట్టుకొచ్చి నలభై మూతలకీ పూసేశారు. పైన పటారం, లోన లొటారం. మర్నాడే పొయ్యెక్కించాం."

"మరి విచారణలో నోరెందుకు మెదపలేదు?"

"అల్లుడి పరువు తీస్తే మీ అక్క కాపురం ఏమవుతుందే? నాదేముంది, ఒక్క ప్రాణం."

ఆ మాటకి నాకు జాలి వేయాలి. కోపమొచ్చింది. "శనివారం ఫోటోలకి నేనే వస్తున్నాను, చూద్దువుగాని" అని లేచి వచ్చేశాను. ఆ పెద్ద లైటుకి తెల్లగుడ్డ ఊడదీసి, మూతల పక్కన పెట్టి, నలభైకి నలభై మూతలూ పొక్కులతో సహా తీయాలని నా ఆలోచన. ఏదీ ముట్టుకోవద్దు అనే ఒక్క ముక్క పిన్నికి చెప్పలేదు. ఆవిడ సంగతి తెలిసి కూడా చెప్పలేదు.

శనివారం వంటగది గుమ్మంలోనే ఆగిపోయాను. గోడలు తళతళ. మురుగు కాలువ దగ్గర కూడా బ్లీచింగు వాసన తప్ప ఇంకేం లేదు. నేలమీద నీళ్ళు కూడా లేవు. పిన్ని కొత్త ఆప్రాన్ కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, చేతులు ముందు జోడించి నిలబడి ఉంది.

"రెండు రోజులు పట్టిందే" అంది సంబరంగా. "ఫోటో అన్నావుగా, పైగా తీసేది నువ్వాయె. నువ్వు తీసిన ఫోటోలో మరక కనబడితే రేపు నీకెవరు పనిస్తారు?"

మూతల కొక్కేల దగ్గరికి పరిగెత్తాను. నలభై కొత్త స్టీలు మూతలు వరసగా వేలాడుతున్నాయి. వాటి నడుమ బావ నవ్వు మొహం కనబడింది. కొట్లో ఆ రెండో ఫోటో ఆయన్ని అంత భయపెట్టిందన్నమాట.

"పాతవేవి?" అన్నాను.

"ఏ పాతవి?" అన్నాడు.

అసహ్యమేసింది. బావమీద, ఆయన కంపెనీమీద, ఆ మెరిసే గోడలమీద. దాచడమెందుకు, ఒక్క నిమిషం పిన్నిమీద కూడా. తన మెడకి తగిలించబోయే తాడుని తనే తోమి, ఉతికి, ఆరబెట్టి సిద్ధం చేసింది. అన్నిటికన్నా నామీద నాకు అసహ్యమేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఊరికే వచ్చే లైటంటే ఎగబడి వచ్చాను.

ఇంకేం చేస్తాను, తీశాను. కిటికీ అంత వెలుగు. నాలుగు మూలలూ, గిన్నెలూ, మూతలూ. చివర్లో పిన్ని "నన్నూ ఒకటి తియ్యవే" అంది మెల్లిగా. అదీ తీశాను. బావ కెమెరా తెరలో చూసి, పిన్ని వింటుండగానే అన్నాడు: "ఎంత బాగుందో! ఇంత శుభ్రమైన వంటగదిలో తప్పు జరిగిందంటే అది మనిషి తప్పే అయ్యుండాలిగా మరి."

పిన్ని మొహంలో నవ్వు అప్పుడు పోయింది. తను ఏం కడిగిందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

స్టూడియోకి వచ్చి ఫోటోలు కంప్యూటరులోకి ఎక్కించాను. కార్డులో మొదట వచ్చినవి వంటగది ఫోటోలు కావు. బుధవారం నాటివి. చెరిపేస్తానని తలూపి చెరపనివి. కావాలనే ఉంచాను అని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది, కానీ మర్చిపోయాను. రెండో ఫోటో తెరంతా పరుచుకుంది. పొక్కులు, తుప్పు, బ్రష్షు గీతలు, అంచున 14, పక్కన గోరు. పైన బావ నవ్వు మొహం. కెమెరా తనంతట తను రాసుకున్న తేదీ, టైము. ఏ లైటు దాస్తుందో తెలుసుకోవాలంటే ఏ లైటు చూపిస్తుందో ముందు చూడాలి. చూశాడు మహానుభావుడు, చేత్తో పట్టుకుని మరీ.

అక్కకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"ఓ ఆదివారం మోచేతుల దాకా వెండి రంగుతో వచ్చాడు" అంది అక్క. "కంపెనీ గేటుకి రంగు వేయించానన్నాడు. ఎంతకీ వదలకపోతే కిరసనాయిలు పెట్టి నేనే తుడిచాను. ఆ మూతల కింద ఉడికిన సూపునే రోగులు తాగారా?"

"తాగారు."

"నన్నేం అడక్కు. ఇచ్చెయ్" అని పెట్టేసింది.

మంగళవారం విచారణ. పొడుగాటి బల్లకి అటువైపు పెద్ద డాక్టరమ్మ, ఆవిడ పక్కన కాగితాలు రాసుకునే గుమాస్తా. ఇటు బావ కుర్చీలో, నేను కుర్చీలో. పిన్నిని కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి నిలబడి ఉంది. డాక్టరమ్మ శనివారం ఫోటోలు ఒక్కొక్కటే తిప్పింది.

"ఇంత శుభ్రంగా ఉంచే వంటగది నేను చూడలేదు. అలాంటప్పుడు..." అని పిన్ని వైపు తల తిప్పింది.

"అదేనండీ మేము చెప్పేది" అన్నాడు బావ. నింపాదిగా చెవిలో వేలు పెట్టుకున్నాడు.

నేను సంచీలోంచి ఇంకో ఫోటో తీసి ఆవిడ ముందు పెట్టాను. పొక్కులు బాగా కనబడాలని పెద్దది చేసి, మూతా చేతులూ మాత్రం ఉంచి అచ్చువేశాను.

డాక్టరమ్మ మొహం వికారంగా అయింది. "ఏంటిది?"

"పద్నాలుగో నంబరు మూత. సూపు డేగిసాది. మొన్న బుధవారం పదకొండింటికి తీశాను."

"మాది కాదండీ ఇది!" బావ సగం లేచాడు. "ఎక్కడిదో పాత సామాన్ల కొట్టులోది తెచ్చి..."

డాక్టరమ్మ ఫోటో చూసింది. బావని చూసింది. మళ్ళీ ఫోటో చూసింది. "మీరు ముందు చెవిలోంచి వేలు తియ్యండి" అంది. "తీసి, చెయ్యి ఇలా బల్లమీద పెట్టండి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, బావ చేతిని బల్లకిందికి లాక్కున్నాడు. గుమాస్తా కలం ఆపేసి చూస్తున్నాడు. "అది... అది ఊరికే, లైటు ఎలా పడుతుందో చూద్దామని తీసుకెళ్ళానండీ" అన్నాడు బావ.

"అంటే మీదే."

డాక్టరమ్మ పిన్ని వైపు తిరిగింది. "ఈ మూత కడిగేది నువ్వేనామ్మా?"

అల్లుడి పరువంటూ మళ్ళీ నోరు మూసుకుంటుందనుకున్నాను. పిన్ని ముందుకు వచ్చి, ఫోటోని రెండు వేళ్ళతో తనవైపు తిప్పుకుని, చాలాసేపు చూసింది.

"నేనేనండీ. మురికి వదలట్లేదని రోజూ ఇంకాస్త గట్టిగా రుద్దేదాన్ని. రుద్దేకొద్దీ మూతే వచ్చేసేది. రంగని తెలుసు, చెప్పలేదు. ఆ తప్పు మాత్రం నాదే, రాసుకోండి" అంది.

గుమాస్తా రాసుకున్నాడు. కానీ పిన్ని పేరు ఆ జాబితాలోకి ఎక్కలేదు. కంపెనీ సంగతి వేరే కాగితంమీద మొదలైంది. పిన్నిని ఆసుపత్రివాళ్ళే తమ పనిలోకి తీసుకున్నారు. అక్క బావతో మాట్లాడటం మానేసి నెలరోజులైంది. ఆయన ఆ గోరు కత్తిరించుకున్నాడట. మా కుటుంబానికి ఈ ఏడాది అదొక్కటే శుభవార్త.

కిటికీ అంత లైటుని నేనే మోసుకెళ్ళి కంపెనీ గుమ్మంలో దించి వచ్చాను. ముట్టుకున్న చేతుల్ని రెండుసార్లు కడుక్కున్నాను. తర్వాత కొట్టుకి వెళ్ళి ఆ ఫ్లాస్కంత లైటు ఇమ్మన్నాను.

కొట్టాయన నుదుటిమీది కళ్ళజోడు కిందికి దించుకుని నన్ను చూశాడు. "ఆ రోజు మూత తెచ్చినాయన అసలొద్దన్నది ఇదే కదండీ?"

"అందుకే" అన్నాను.

కిందటి ఆదివారం పిన్ని తన ఫోటో కోసం స్టూడియోకి వచ్చింది. శనివారం వంటగదిలో తీసినది, చట్రం కట్టించి ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎగాదిగా చూసింది.

"ఎవరే ఈవిడ?"

"నువ్వే పిన్నీ."

"నేనెందుకవుతాను? మొహంమీద ఒక్క ముడత లేదు. ఈ చేతులు చూడు, గ్లాసు ఎత్తి పక్కన పెట్టి ఎరగని దొరసాని చేతుల్లా ఉన్నాయి. పదకొండేళ్ళు అంట్లు తోమే సోడాలో నానితే ఇలా ఉంటాయా?" చట్రం నా ఒళ్ళో పెట్టేసింది. "ఆ మూతని తీసిన లైటు కొన్నావటగా. అది పెట్టి తియ్యి."

స్టూలుమీద కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ళమీద బోర్లా పెట్టింది. లైటుని ఆ రోజు మూతకి పెట్టినట్టే పక్కన, దగ్గరగా పెట్టి కొట్టాను. తెరమీద చూపించాను. గోళ్ళ పక్కన చీలికలు, సోడా తిన్న వేళ్ళ కొసలు, కణుపు కణుపుకీ ఓ నీడ.

పిన్ని ఒక్కో వేలూ లెక్కపెట్టుకుంటున్నట్టు చూసింది.

"ఆఁ" అంది. "ఇవీ నా చేతులు."